నీలి అంచు కాగితం

నా రాతలో తప్పులుంటే మన్నించాలి. అక్షరాలు నాకు యాభై నాలుగో ఏట వచ్చాయి, ఇప్పటికీ ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి వస్తాయి. ఇందులో ఫిల్కా అనే మనిషి నేనే. "నేను" అని మొదలుపెడితే చెయ్యి ముందుకు సాగడం లేదు. అందుకని పక్కింటావిడ సంగతి చెబుతున్నట్టు రాస్తున్నాను. మెల్లగా రాశాను, మీరూ మెల్లగానే చదవండి.

సోమవారం పొద్దున ఫిల్కా వెళ్ళేసరికి గెంచో కొట్టు తీసే ఉంది. శవపేటికలకు కొత్తగా పెట్టిన పాలిష్ వాసన వీధిలోకి వస్తోంది. గెంచో బల్ల మీదున్న, ఊళ్ళో గోడలకి అతికించే చావు కాగితాల కట్టను ఆమె వైపు తోశాడు.

"నీలి అంచు. ముప్పై ఉన్నాయి. మామూలు చోట్లే. ఆసుపత్రి గేటు మాత్రం మర్చిపోకు, ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఇంటి తలుపుకి వద్దన్నారు."

"ఇంటి తలుపుకి వద్దా? అదెక్కడి చావు?"

"వద్దన్నారంటే వద్దన్నారు. ఏడుస్తూ వచ్చినవాళ్ళతో నేను వాదన పెట్టుకోను ఫిల్కా."

నల్ల అంచు మామూలు చావుకి. ఆకుపచ్చది ముస్లింలకి. నీలం పెళ్ళి కాకుండా పోయినవాళ్ళకి. పదిహేనేళ్ళుగా ఫిల్కా రంగుల్ని బట్టే పని చేసింది. చదువు రాని రోజుల్లో రంగూ ఫోటో తెలిస్తే చాలు, ఏ కట్ట ఏ వీధికో చేతులే చూసుకునేవి. ఇప్పుడు చదవడం వచ్చింది కానీ పనిలో ఉన్నప్పుడు చదవదు. కళ్ళు మొదటి అక్షరం దగ్గరికి చేరేలోపు చేతులు కాగితం అతికించి పక్క గోడకి వెళ్ళిపోతాయి.

ఫోటోలో పొడుగు జుట్టు పిల్ల. బడి చివరి ఏడాది సంబరానికి వేసుకునే మెరుపు గౌను, కళ్ళకి దట్టంగా రంగు. ఫిల్కా శిలువ గుర్తు వేసుకుని కట్టను సంచిలో పెట్టుకుంది.

మార్చి గాలి డాన్యూబ్ నది మీద నుంచి సూటిగా వీస్తోంది. అలాంటి రోజున బంక చిక్కగా ఉండాలి. ఇంటి దగ్గరే మైదా ఉడికించి తెచ్చుకున్న బకెట్‌లో వెడల్పు బ్రష్షు ముంచి, గోడ మీద ముందు ఒక పూత, కాగితం ఆనించి పైన ఇంకో పూత. మధ్య నుంచి అంచులకి తోయాలి, గాలి బుడగ మిగిలితే మొహం ఉబ్బినట్టు కనిపిస్తుంది. చచ్చిపోయినవాళ్ళ మొహం ఉబ్బకూడదని ఫిల్కాకి పట్టింపు. బస్ స్టాపు, చర్చి గోడ, పోస్టాఫీసు, పఠన మందిరం తలుపు. ఎక్కడా వంకర లేకుండా అతికించింది.

ఆసుపత్రి గేటు దగ్గర మడత బల్ల వేసుకుని నలుగురైదుగురు కూర్చున్నారు. పది రోజుల నుంచీ అక్కడే ఉంటున్నారు. వెనక గుడ్డ మీద "మా పిల్లల జోలికి రావద్దు" అని పెద్ద అక్షరాలు. హార్మోన్ల డాక్టరు గదిని మూయించాలని సంతకాలు తీసుకుంటున్నారు. గురువారం మునిసిపాలిటీలో దాని మీద సమావేశం. మొదటి సంతకం ఆ ఆసుపత్రిలోనే పనిచేసే సర్జన్ హాజియేవ్‌ది. ఆ సంతకాన్ని తలుపంత పెద్దది చేసి బల్ల ముందు నిలబెట్టారు.

"పిన్నీ, నువ్వూ ఒక సంతకం పడెయ్," అన్నాడు ఎర్ర మఫ్లరు మనిషి ఫ్లాస్కులో టీ వంచుకుంటూ. "వేలిముద్రైనా పనికొస్తుందిలే."

ఫిల్కా గేటు స్తంభానికి కాగితం ఆనించి బ్రష్షు తిప్పింది. ఆ మనిషి లేచి వచ్చి చదివాడు. ఒక్కసారి ఈలేసి, బల్ల దగ్గరివాళ్ళని రమ్మని చెయ్యూపాడు. వాళ్ళు గుమిగూడేసరికి ఫిల్కా బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ మాటలతో ఆమెకి పనేముంది.

చివరి కాగితం రొట్టెల కొట్టు ముందున్న స్తంభానికి. కొట్టావిడ చేతికి అంటిన పిండి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఎవరే పోయింది?"

"ఎవరో చిన్నపిల్ల."

ఆవిడ కళ్ళజోడు కిందికి దించి చాలాసేపు చూసింది. "ఈ పోయిన పిల్ల నిన్న సాయంత్రం నా దగ్గర జున్ను కూరిన బనిత్సా రొట్టె కొనుక్కుపోయింది. మీసంతో సహా."

వరుసలో ఉన్న ఇద్దరు నవ్వారు. మూడో ఆవిడ నవ్వలేదు. "వెనెతా కూతురు. అబ్బాయిగా మారింది, ఆ పిల్ల."

"మారిందేమిటి, మార్చారు," అంది కొట్టావిడ. "ఆ ఆసుపత్రి గదిలో సూదులు పొడిచి మార్చారు. ఇరవై ఏళ్ళ పిల్లకి రేపు ఏ సూపు తాగాలో తెలీదు. జన్మంతా ఏమై ఉండాలో తెలుస్తుందా?"

"నాకు థైరాయిడ్ మాత్రలు రాసిచ్చేది కూడా ఆ గదిలోనే. మూయించండి, మూయించి నన్ను సోఫియా పట్నం దాకా మోసుకుపోండి," అంది మూడో ఆవిడ.

"నీ మెడ సంగతి వేరమ్మా."

"ఏం వేరు? ఆ పిల్ల ఇదివరకు నేల చూసుకుంటూ నడిచేది. ఇప్పుడు తలెత్తి పలకరిస్తోంది."

"పలకరించడానికి సూదులెందుకే? నోరు చాలదూ?"

ఫిల్కా వాళ్ళ వైపు తిరగలేదు. స్తంభానికి దగ్గరగా జరిగి, తడి కాగితం మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. "మా ఒక్కగానొక్క కూతురు రోసిత్సా మమ్మల్ని విడిచి వెళ్ళిపోయింది. ఇరవై మూడేళ్ళు. ఇక రాదు. దుఃఖంతో, అమ్మ, నాన్న." అంతే. ఏ చర్చిలో ప్రార్థనో, ఏ వేళకి ఖననమో, ఏమీ లేదు.

వేలు ఫోటో మీదికి పోయింది. కళ్ళ చుట్టూ రంగు తీసేస్తే, జుట్టు కత్తిరిస్తే. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న మచ్చ. పఠన మందిరంలో రెండు శీతాకాలాలు ఎదురుగా కూర్చుని, పలక మీద చెయ్యి పట్టి దిద్దించినప్పుడు దగ్గరి నుంచి చూసిన మచ్చ.

రోసెన్ మాస్టారు.

ముప్పై చోట్ల. ఆయన నేర్పిన అక్షరాలే, ఒక్కటీ చదవకుండా, ముప్పై చోట్ల అతికించింది. ఫిల్కా చేతిలో బ్రష్షు బూటు మీద పడింది, బంక కారింది.

ఆ రోజంతా మాస్టారికి ఫోన్ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

మంగళవారం ఆమె గెంచో కొట్టుకి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

"బతికున్న మనిషికి కాగితం వేశావు."

గెంచో తల ఎత్తలేదు. పూలదండకి రిబ్బను గుచ్చుతున్నాడు. "చచ్చిపోయిందని ఎక్కడ రాసి ఉంది? విడిచి వెళ్ళిందని రాసి ఉంది. వెళ్ళింది కదా."

"నీకు ముందే తెలుసు."

"వెనెతా ఇక్కడ, నువ్వు నిలబడ్డ చోటే, గంటసేపు నిలబడింది. తండ్రి బయట బండిలో కూర్చున్నాడు, లోపలికి రాలేదు. కూతుర్ని పోగొట్టుకున్నాను, ఊరందరికీ పోయినవాళ్ళుంటారు, కాగితాలుంటాయి, పువ్వులు పెట్టే చోటుంటుంది, నాకు ఏదీ లేదు అంది. నేనేం చెయ్యను? ఆ మనిషి ఏడుపు అబద్ధం కాదు ఫిల్కా. నలభై ఏళ్ళుగా ఏడుపులు చూస్తున్నాను."

"తీసేస్తాను."

ఇప్పుడు తల ఎత్తాడు. "చావు కాగితాన్ని మనిషి చెయ్యి తియ్యకూడదు. వానకీ గాలికీ వదిలెయ్యాలి. నీకు నేను చెప్పాలా? ఒక్కటి పీకావని తెలిసినా రేపటి నుంచి ఎవడూ నా కొట్టు గడప తొక్కడు. నువ్వు కూడా తొక్కనక్కర్లేదు."

నిజమే. పదిహేనేళ్ళలో ఫిల్కా ఒక్కటి కూడా పీకలేదు. పాతవాటి మీదే కొత్తవి అతికించేది. భర్త స్తోయాన్ కాగితం పాత మార్కెట్ గోడ మీద ఎన్ని పొరల కింద ఉందో ఆమెకి తెలుసు. పీకిన చేతికి ఇంట్లో ఇంకో చావు తగులుతుందని చిన్నప్పటి నుంచీ విన్న మాట. ఇంట్లో ఇంకెవరూ లేరు. అయినా భయం భయమే.

రోసెన్ మూతబడిన చెప్పుల కొట్టు వెనక గదిలో అద్దెకుంటున్నాడు. తలుపు మీద ఎవరో సుద్దతో శిలువ గీశారు, కింద నిన్నటి తేదీ వేశారు. ఫిల్కా అరచేత్తో తుడిచేసి తలుపు కొట్టింది. లోపల చప్పుడు ఆగిపోయింది. ఎవరో ఊపిరి బిగబట్టినట్టుంది.

"మాస్టారూ, నేను. ఫిల్కాని."

గొళ్ళెం తీయడానికి చాలాసేపు పట్టింది. రోసెన్ గోడ పట్టుకుని వంగి నిలబడ్డాడు. మొహం బూడిద రంగులో ఉంది. పలచని మీసం మీద చెమట. రెండో చెయ్యి పొట్ట కింద కుడివైపు అదిమి పట్టుకుని ఉంది.

"ఆదివారం రాత్రి మొదలైంది," అన్నాడు మంచం మీద ముడుచుకుంటూ. "తగ్గుతుందిలే పిన్నీ. వేడినీళ్ళ సీసా పెట్టుకున్నాను."

"ఆసుపత్రి నాలుగు వీధుల అవతలే కదా మాస్టారూ."

"గేటు దగ్గర నా కాగితం ఉంది. ఫోటో తీసి పంపారు, ఎవరో పుణ్యాత్ములు. ఒకరు కాదు, పదకొండు మంది." నవ్వబోయి ఆగిపోయాడు, నొప్పి పట్టేసింది. "లోపలికి పోతే గుర్తింపు కార్డు నంబరు అడుగుతారు. నంబరు ఆడమనిషిది. మగవాడిగా మార్చమంటే కోర్టు మార్చదు. నన్ను చూసి, కాగితం చూసి, మళ్ళీ నన్ను చూస్తారు. ఆడవాళ్ళ వార్డులో వేస్తే వాళ్ళు అరుస్తారు, తప్పు లేదు, మీసమున్న వాడిని పక్క మంచం మీద చూస్తే ఎవరైనా అరుస్తారు. మగవాళ్ళ వార్డులో వేస్తే నాకు నిద్ర పట్టదు. ఎక్కడైనా ఒకటే. ఆ సర్జన్ సంతకం చూశావా, ఎంత పెద్దదో? అతని కత్తి కింద పడుకోమంటావా?"

ఆ హార్మోన్ల మందుల సంగతి ఫిల్కాకి అర్థం కాలేదు, ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. తరగతి మధ్యలో ఒక రోజు ఆయన, ఇకనుంచి నన్ను రోసెన్ అనండి అన్నప్పుడు పక్కన కూర్చుని దిద్దే ముసలి సాబ్కా, "అక్షరాలు మార్చకుండా ఉంటే చాలు నాయనా, ఇప్పటికి సగం నేర్చుకున్నాను" అంది. అందరూ నవ్వారు, పాఠం సాగింది. ఫిల్కాకి ఆ సంగతి అంతవరకే.

"అతికించినవాడు ఎవడో తెలిస్తే బాగుండును," అన్నాడు రోసెన్ గోడ వైపు తిరిగి. "అమ్మ రాయించింది, సరే. అమ్మ కదా. కానీ ఆ చెయ్యి ఒకటుంది చూడు, ముప్పై సార్లు నా మొహం మీద బంక రాసిన చెయ్యి. దాన్ని ఒకసారి చూడాలనుంది."

ఫిల్కా రెండు చేతులూ ఏప్రన్ కింద పెట్టుకుంది. గోళ్ళ సందుల్లో ఎండిన మైదా ఉంది. పొయ్యి మీద పులుసు వెచ్చబెట్టి, రెండు చెంచాలు తాగించి వచ్చేసింది. దారంతా ఎవరో వెనకాల నడుస్తున్నట్టే ఉంది. రెండుసార్లు తిరిగి చూసింది.

బుధవారం తెల్లారాక వెళ్ళేసరికి అతనికి ఒళ్ళు కాలుతోంది. తాగిన పులుసు బకెట్‌లో కక్కేసి ఉంది. పెదవులు తెల్లగా పిడచకట్టాయి. పొట్ట మీద చెయ్యి ఆనిస్తే కొయ్యలా తగిలింది. స్తోయాన్ పోయే ముందు రోజు అతని పొట్ట అలాగే ఉంది. అప్పుడు ఫిల్కా, రేపు చూద్దాంలే అంది. ఆ రేపటికి డాక్టరు చూసేదేమీ మిగల్లేదు.

ఆమె మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆ చెయ్యి నాదే మాస్టారూ."

అతను కళ్ళు తెరిచాడు.

"చదవకుండా అతికించాను. చదవడం నేర్పింది మీరు, నేను చదవలేదు. నన్ను తిట్టండి, కొట్టండి, తర్వాత. ఇప్పుడు లేవండి."

రోసెన్ ఆమె గోళ్ళ వైపు చూశాడు. ఏడుస్తాడేమో అనుకుంది. "ఫోటోల్లో చూశాను," అన్నాడు, "ఒక్కటీ వంకరగా లేదు. నువ్వే అయ్యుండాలని అప్పుడే అనుకోవలసింది." కళ్ళు మూసుకున్నాడు. "ఆ గేటులోంచి మాత్రం రాను పిన్నీ. నా చావు పక్క నుంచి నడిచి నేను లోపలికి పోలేను. నిజమైపోతుంది."

ఫిల్కా లేచింది. సంచిలో బకెట్‌కి అంటిన పాత బంక గీకే వెడల్పు రేకు ఉంది.

ఆసుపత్రి గేటు దగ్గర ఆ రోజు పదిహేను మంది దాకా ఉన్నారు. మర్నాడు సమావేశం కదా. స్తంభం కింద ఎవరో నిజంగానే పువ్వులు పెట్టారు, ఎవరో వాటి మీద ఉమ్మారు. ఫిల్కా ఎవరి మొహమూ చూడకుండా స్తంభం దగ్గరికి వెళ్ళి రేకు ఆనించింది. చెయ్యి కదల్లేదు. పైమూల కింద రేకు పెట్టి అలా నిలబడిపోయింది.

"ఓ పిన్నీ, ఏం చేస్తున్నావు?" ఎర్ర మఫ్లరు మనిషి. "చచ్చినవాళ్ళని లేపుతున్నావా?"

ఎవరో నవ్వారు. ఒక ఆవిడ నవ్వలేదు. ఆమె నిజంగా భయపడి శిలువ గుర్తు వేసుకుంది. "తియ్యకమ్మా, తియ్యకూడదు. ఎవరి మీదికి వస్తుందో."

"రానివ్వండి," అంది ఫిల్కా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. రేకు తోసింది. మూడు రోజుల బంక, తనే చిక్కగా కాచింది, అంత తేలిగ్గా రాలేదు. ముక్కలు ముక్కలుగా ఊడింది. మెరుపు గౌను, జుట్టు, కనుబొమ్మ. మఫ్లరు మనిషి వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"జిప్సీల మహల్లా నుంచి వచ్చి మాకు సంప్రదాయం నేర్పుతావా?"

"వదులు నాయనా. నేనే అతికించాను, నేనే తీస్తున్నాను."

శిలువ వేసుకున్న ఆవిడ వచ్చి అతని చెయ్యి విడిపించింది. "వదలరా. నా కూతురు అటు పోకూడదని సంతకం పెట్టాను కానీ, ముసలి ఆడవాళ్ళ చేతులు మెలిపెట్టమని పెట్టలేదు." ఆవిడ ఫిల్కా మొహం చూడకుండా బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

పావుగంటలో ఫిల్కా రోసెన్‌ని టాక్సీలో ఎక్కించుకుని తిరిగి వచ్చింది. డ్రైవరు వాంతి చేసుకుంటే కడగాలి అని సణిగాడు తప్ప ఇంకేమీ అడగలేదు. గేటు దాటుతుంటే రోసెన్ తల ఆమె ఒళ్ళో దాచుకున్నాడు. బల్ల దగ్గర అందరూ లేచి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. అరిస్తేనే నయమనిపించింది ఫిల్కాకి.

అత్యవసర చికిత్స గది కిటికీ వెనక గుమాస్తా అమ్మాయి నంబరు కొట్టింది, తెర చూసింది, రోసెన్‌ని చూసింది.

"ఇది ఆడమనిషి నంబరు."

"అవును," అన్నాడు రోసెన్.

"పేరు రోసిత్సా అని ఉంది." ఆగింది. "గేటు దగ్గర కాగితం ఉంది కదా, ఆ..."

"ఇప్పుడు లేదు," అంది ఫిల్కా. "కాగితం లేదు, మనిషి ఉన్నాడు. రాసుకో తల్లీ."

"ఏ వార్డు అని రాయను? ఖాళీ వదిలితే కంప్యూటరు ఒప్పుకోదు."

వెనక తలుపు తెరుచుకుని ఎత్తుగా, నెరిసిన కనుబొమ్మల మనిషి వచ్చాడు. ఆ సర్జన్‌ని ఊరంతా ఎరుగును. రోసెన్ బెంచీ మీది నుంచి లేవబోయాడు. ఒక కాలు కింద పెట్టి, తలుపు వైపు తిరిగి, అక్కడే కూలబడ్డాడు. ఫిల్కా అతని రెండు భుజాలూ పట్టుకుంది.

హాజియేవ్ వంగి, వేళ్ళు పొట్ట మీద ఆనించి, ఒక్కసారి నొక్కి వదిలాడు. రోసెన్ కేక పెట్టాడు.

"ఎన్ని రోజులు?"

"మూడు," అంది ఫిల్కా.

"మూడు రోజులు ఏం చేస్తున్నారు?"

సర్జన్ అటూ ఇటూ చూశాడు. గుమాస్తా అమ్మాయిని కిటికీ మూసుకోమన్నాడు. ఇద్దరు రోగులు తొంగి చూస్తుంటే తెర లాగేశాడు.

"లోపల నీకు ఏమేమి ఉన్నాయో, ఏమేమి తీయించుకున్నావో, ఏ మందు ఎంత వేసుకుంటున్నావో చెప్పు. అబద్ధం చెప్పకు. సిగ్గు తర్వాత పడొచ్చు."

రోసెన్ చెప్పాడు. గొంతు పైకి రాలేదు, సర్జన్ చెవి దగ్గరికి వంచాడు. అన్నీ ఉన్నాయి, ఏదీ తీయించుకోలేదు.

"అండాశయం మెలిపడి ఉంటుంది. మూడు రోజులంటే కుళ్ళడం మొదలుపెట్టి ఉంటుంది. ఇప్పుడే కోయాలి."

"మీరు కాదు," అన్నాడు రోసెన్. "మీరు సంతకం పెట్టారు."

"పెట్టాను. రేపు సమావేశంలో మాట్లాడతాను కూడా. పద్దెనిమిదేళ్ళు నిండగానే ఆ సూదులు మొదలుపెట్టడం తప్పని ఈ క్షణాన కూడా అనుకుంటున్నాను, నీతో ముఖాముఖి చెబుతున్నాను. నువ్వు లేచి నిలబడ్డాక వచ్చి నాతో పోట్లాడు, వింటాను. నీ పొట్ట మాత్రం నా సంతకం చదవలేదు. పడుకో."

"ఏ వార్డని రాయను డాక్టరుగారూ?" కిటికీ వెనక నుంచి ఆ అమ్మాయి.

"ఆపరేషన్ బల్ల ఒక్కటే ఉంది. అది రాయి."

స్ట్రెచర్ తోసుకుపోతుంటే రోసెన్ ఫిల్కా చెయ్యి వదల్లేదు. రెండో తలుపు దగ్గర నర్సు ఆ వేళ్ళని ఒక్కొక్కటే విప్పింది.

"మీరు బంధువా?"

"కాదు."

"బంధువు ఉండాలి. పాత ఫైలులో తల్లి నంబరుంది. ఫోన్ చేసేస్తాను."

వద్దు అనాలనుకుంది ఫిల్కా. అప్పటికే నర్సు వెళ్ళిపోయింది.

నడవాలో బెంచీ చల్లగా ఉంది. ఫిల్కా గోళ్ళలోంచి మైదా తీసుకుంటూ కూర్చుంది. తలుపు మీది ఎర్ర దీపం వెలిగి ఉంది. ఆ తల్లి వస్తే ఏమంటుంది. కాగితం పీకినందుకు మీద పడుతుందా. లేక రాకపోతే? రాకపోతే అన్న ఆలోచనకి ఇంకా ఎక్కువ భయం వేసింది.

అరగంటకి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది, మెత్తటి చప్పుడు. వెనెతా ఇంట్లో వేసుకునే ఉన్ని చెప్పులతోనే వచ్చేసింది. బురదకి అవి నల్లబడ్డాయి. కోటు గుండీ తప్పుగా పెట్టుకుంది. చేతిలో ఒక సంచి, గుండెకి హత్తుకుని పట్టుకుంది. ఎర్ర దీపం చూసి ఆగి, బెంచీ రెండో చివర కూర్చుంది.

"కాగితం తీసింది నువ్వేనా?"

"నేనే. అతికించింది కూడా."

వెనెతా తల ఊపింది. "చక్కగా అతికించావు. రోజూ వెళ్ళి చూశాను. గేటు దగ్గరిది అన్నిటికంటే బాగా వచ్చింది." గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. "ఆమె పోయింది. ఎవరేమన్నా నాకు పోయింది. పంతొమ్మిదేళ్ళు తల దువ్వాను. ఆ జుట్టు కవరులో దాచి ఉంచాను. ఏడవడానికి ఎవరూ నాకు చోటివ్వలేదు. బతికే ఉంది కదా, ఎందుకేడుస్తావంటారు కొందరు. అబ్బాయి ఉన్నాడు కదా, సంతోషించు అంటారు ఇంకొందరు. ఎవరి మాటా నా లోపలికి పోలేదు."

"నా ఆయన పోయినప్పుడు కూడా చాలామంది చాలా చెప్పారు," అంది ఫిల్కా.

"ఆయన ఇంట్లో కూర్చున్నాడు, మా ఆయన. రానన్నాడు." వెనెతా సంచి అంచు మెలిపెట్టింది. "ఇందాక ఫోన్ వచ్చింది. మీ అమ్మాయి రోసిత్సాకి ఆపరేషన్ జరుగుతోంది, పరిస్థితి బాగాలేదు అంది నర్సు. నాకేమనిపించిందో తెలుసా? బతికే ఉంది అనుకున్నాను. నేనే అచ్చు వేయించిన కాగితం మర్చిపోయి, బతికే ఉంది అనుకున్నాను. ఆ తర్వాత చచ్చిపోతుందేమో అని పరిగెత్తాను. కాళ్ళకి ఏమున్నాయో కూడా చూసుకోలేదు." చెప్పుల వైపు చూసుకుంది. "మూడు రోజుల కింద ఊరందరికీ పోయిందని చెప్పినదాన్ని."

ఫిల్కా బెంచీ మీద కొంచెం దగ్గరగా జరిగింది. వెనెతా సంచి తెరిచి చూసి మళ్ళీ మూసింది. లోపల పువ్వుల నైటీ ఒకటి, చారల పైజామా ఒకటి, పెద్ద మగ మనిషిది, ఇస్త్రీ చేసింది. ఒక నీళ్ళ సీసా, సబ్బు.

"ఏది తీసుకోవాలో తెలియలేదు," అంది వెనెతా. "బీరువా ముందు నిలబడ్డాను, తెలియలేదు. నైటీ ఆమెది. ఇంకోటి ఆయనది, ఆయన చూస్తుండగానే తీశాను. ఏమీ అనలేదు."

ఎర్ర దీపం ఆరడానికి ఇంకో గంట పట్టింది. ఆ గంటలో ఇద్దరూ ఒకసారి కూడా లేవలేదు. దీపం ఆరినప్పుడు కూడా లేవలేదు, లేవడానికి భయపడ్డారు. తలుపు తెరుచుకుంది. హాజియేవ్ టోపీ చేత్తో నలుపుకుంటూ వాళ్ళ ముందు నుంచి నడిచి, ఆగి, "ఒక పక్కది తీసేశాను. రెండోది బాగుంది. జ్వరం తగ్గాలి, రాత్రి గడవాలి," అని వెళ్ళిపోయాడు. వెనక నర్సు వచ్చింది.

"మెలకువ వస్తోంది. నాలుగో మంచం అతని బట్టలు ఎవరి దగ్గరున్నాయి?"

వెనెతా లేచింది. సంచిలో చెయ్యి పెట్టింది, తీయలేదు. నర్సు ఎదురు చూస్తోంది. ఫిల్కా గోడ వైపు చూస్తూ కూర్చుంది, ఆ ఒక్క క్షణం ఆ తల్లికి వదిలేయాలనిపించి.

వెనెతా చెయ్యి ఖాళీగా బయటికి తీసి, సంచి మొత్తం నర్సు చేతిలో పెట్టింది.

"రెండూ ఉన్నాయి," అంది. "ఏది అడిగితే అది వెయ్యండి."

త్రెందాఫిల్కా స్తోయానోవా, అరవై ఒకటో ఏడు. ఇప్పుడు ప్లెవెన్‌లో, చెల్లెలి ఇంటి కింది గదిలో ఉంటున్నాను.